ఆరడుగుల దూరానికి ఒక మనిషి

"మీ మామయ్యకి చెప్పు, పేపరు చదవడం అయితే ఇటివ్వమని."

శోభన్ ఆ మాటన్నది భార్య సాయిశ్రీతో. ఆ మామయ్య, అంటే శోభన్‌ని కన్న తండ్రి నాంచారయ్యగారు, ఉన్నది వేరే ఊళ్ళో కాదు, వేరే గదిలో కూడా కాదు. అదే హాల్లో, అదే సోఫాలో, రెండో చివర. ఆయన చెవికి ఆ మాట సాయిశ్రీ కంటే ముందే చేరింది. అయినా ఆయన వినలేదు. పేపరు మడత కూడా కదపకుండా, "నీ మొగుడికి చెప్పమ్మాయ్, వాడి పార్టీ అబద్ధాలు ఇందులో వెయ్యరు, చదివి దండగని," అన్నారు.

సాయిశ్రీ వంటింటి గుమ్మంలో అట్లకాడతో నిలబడి ఉంది. పెనం మీద అట్టు అంచులు లేస్తున్నాయి. "రెండు నిమిషాల్లో ఇస్తారటండీ," అంది మొగుడితో. మామగారి వైపు తిరిగి, "నిదానంగా చదవండి మావయ్యా, ఆయనకి తొందరేం లేదట," అంది. ఇద్దరిలో ఎవరూ అనని మాటలవి. అట్టు తిరగేసినంత తేలిగ్గా అప్పటికప్పుడు కల్పించింది. తిరగెయ్యాల్సిన అట్టు మాత్రం మాడింది. మాడిన అట్టు ఆ ఇంట్లో ఎవరి పళ్ళెంలోకి వెళ్తుందో చెప్పక్కర్లేదు.

కొడుకుది ఉన్న పార్టీ, తండ్రిది రావాలన్న పార్టీ. ఒకటి అధికారంలో ఉంది, రెండోది రావాలంటోంది, అంతకు మించి తేడా ఏమిటో వాళ్ళిద్దర్నీ అడిగితే తెల్లారేదాకా చెప్తారు. మాఘమాసంలో పామర్రులో ఓ పెళ్ళి భోజనాల దగ్గర ముద్దపప్పుతో మొదలైన వాదన, పెరుగు వచ్చేసరికి తెగతెంపులదాకా వెళ్ళింది. అప్పటినుంచి తండ్రీ కొడుకులకి మాటల్లేవు. మాటల్లేవంటే మాట్లాడుకోవడం లేదని కాదు. ఇదివరకు పొద్దున లేస్తే పడుకునే వరకు నాలుగు మాటలు కూడా అనుకోని మనుషులు, ఇప్పుడు సాయిశ్రీ చేత గంటకి నలభై మాటలు మోయిస్తున్నారు. మోసే మనిషి దొరికితే ఎవరికైనా సరుకు ఎక్కువ పంపాలనే ఉంటుంది.

ఈ పని వెనకటికి అత్తగారు రావమ్మగారిది. నాంచారయ్యగారికీ ఆయన అన్నదమ్ములకీ మధ్య ముప్పై ఏళ్ళు మాటలు మోసి, కోడలు రాగానే వంటింటి తాళాలతో పాటు ఈ పనీ అప్పజెప్పారు. "మగాళ్ళ మాటలు పచ్చిగా ఉంటాయమ్మాయ్. ఉడకబెట్టి వడ్డించాలి మనం," అని కొత్తలోనే నేర్పారు. సాయిశ్రీ నేర్చుకుంది. ఎంత బాగా నేర్చుకుందంటే, శోభన్ పళ్ళు నూరుతూ తిట్టిన తిట్టు మామగారి దగ్గరికి వెళ్ళేసరికి ఆరోగ్యం ఎలా ఉందని అడిగినట్టు ఉండేది.

ఇల్లు కానూరులో. ఉద్యోగం ఆటోనగర్లో, బసవపున్నయ్యగారి లారీ బాడీ షెడ్డులో. కంపెనీ నుంచి ఇంజనూ చక్రాలూ మాత్రమే ఉన్న బండి వస్తుంది. దానికి పెట్టె కట్టి, క్యాబిన్ కట్టి, రంగులేసి పంపుతారు. సాయిశ్రీ పదేళ్ళ కింద కంప్యూటర్ ముందు కూర్చోడానికి చేరింది. ఇప్పటికీ జీతం కాగితం మీద ఆమె కంప్యూటర్ ఆపరేటరే. చేసేది మాత్రం ఏ బండి ఎప్పుడు దిగాలి, ఏ ఇనుము తక్కువైంది, ఏ పనివాడు అలిగి ఇంటికి పోయాడు, వాడి పెళ్ళానికి ఫోన్ చేసి ఎలా రప్పించాలి, ఇవన్నీ. ఓసారి ధైర్యం చేసి సూపర్‌వైజర్ అని రాయమని అడిగింది. బసవపున్నయ్యగారు చెడ్డమనిషి కాదు, ఆప్యాయంగానే నవ్వారు. "మగాళ్ళని అదిలించాలంటే మగాడుండాలమ్మాయ్. నువ్విలా అందర్నీ కలుపుకుంటూ పోతుండు, చాలు. నువ్వుంటే షెడ్డులో గొడవుండదని ఊరంతా చెప్తున్నాగా నేను." ఊరంతా చెప్పారు, నిజమే. కాగితం మీద తప్ప.

ఆ షెడ్డుకి రెండు చేతులు. వెల్డింగ్ మేస్త్రీ నవాబ్, చెక్కపని మేస్త్రీ దుర్గాప్రసాద్. పాతికేళ్ళ జోడీ. వాళ్ళు కట్టిన లారీ ఒకటి ఉయ్యూరు దాటాక బందరు కాలువలో పడిందట. ఇంజను ఒకచోట, చక్రాలు ఒకచోట దొరికాయి గానీ, పెట్టె మాత్రం బిగించిన బోల్టు బిగించినట్టే ఒడ్డుకొచ్చిందట. తలుపు తీస్తే లోపల చేపలు బయటికి పోలేక తిరుగుతున్నాయట. ఈ కథ చెప్పేటప్పుడు నవాబ్ వాటిని జెల్లలనేవాడు, దుర్గాప్రసాద్ బొచ్చెలనేవాడు. పాతికేళ్ళలో వాళ్ళ తగాదా అదొక్కటే. ఒకరినొకరు "ఒరే" తప్ప పిలుచుకున్నది లేదు, "వెధవా" లేకుండా పలకరించుకున్నది లేదు.

ఎన్నికలొచ్చాయి. బసవపున్నయ్యగారు తెలివిగా ఉన్న పార్టీ ప్రచార బండి ఒకటి, రావాలన్న పార్టీ ప్రచార బండి ఒకటి ఒప్పుకున్నారు. రెండూ ఒకే షెడ్డులో, ఒకదాని పక్కన ఒకటి. బండి నెత్తిన నాయకుడు నిలబడి చెయ్యి ఊపడానికి వేదిక, చుట్టూ పట్టుకోడానికి రెయిలింగు, లోపలి నుంచి ఎక్కడానికి మెట్లు. నవాబ్ ఉన్న పార్టీ మనిషి. దుర్గాప్రసాద్ రావాలన్న పార్టీ మనిషి. ఇనుము లేకుండా చెక్క లేదు, చెక్క లేకుండా ఇనుము లేదు కాబట్టి ఇద్దరూ రెండు బండ్లకీ పని చెయ్యాల్సిందే. ఎదటి పార్టీ బండికి మేకు కొట్టాల్సొచ్చినప్పుడల్లా దుర్గాప్రసాద్ ఏదో అనేవాడు, నవాబ్ ఏదో అనేవాడు. ఒకరోజు అది నాయకుల్ని దాటి కులాల్లోకీ మతాల్లోకీ వెళ్ళింది. ఎవరు ముందన్నారో ఎవరికీ గుర్తులేదు. ఇద్దరూ నోళ్ళు మూసుకున్నారు. షెడ్డు కుర్రాళ్ళు కూడా రెండుగా చీలి, ఒకళ్ళు తూర్పు గోడ కింద, ఒకళ్ళు పడమటి గోడ కింద క్యారేజీలు విప్పుకోవడం మొదలెట్టారు.

ఆ మర్నాటి నుంచి సాయిశ్రీకి నడక.

"సాయమ్మా, ఆ పొగరుబోతుకి చెప్పు, నా కట్టర్ తీసుకుని మూడు రోజులైందని. వాడి అబ్బ సొమ్మా?"

ఆరడుగుల అవతల వంగి రంపం కోస్తున్న దుర్గాప్రసాద్ దగ్గరికి ఆమె వెళ్ళేది. "దుర్గాప్రసాద్ గారూ, నవాబ్ గారు కట్టర్ అవసరం ఉందంటున్నారండీ, మీ పనయ్యాకే ఇవ్వమన్నారు."

"ఆ దరిద్రుడి ముక్క ఇనుము ఎవడిక్కావాలి, పట్టుకుపొమ్మను."

"నవాబ్ గారూ, చాలా థ్యాంక్స్ చెప్పమన్నారండీ."

రోజంతా ఇదే. సిమెంటు నేల మీద ఆమె చెప్పులు అరిగాయి. బిల్లులు సాయంత్రం ఇంటికి తీసుకెళ్ళి కొట్టేది. "ఏసీ గదిలో కూర్చుని చేసే పని కూడా టైముకి అవ్వదా నీకు?" అన్నాడు శోభన్ ఓసారి. ఆ గదిలో ఏసీ ఉన్నమాట నిజం. ఆమె అందులో కూర్చోవడమే అబద్ధం.

రాత్రి కళ్ళు మూసుకుంటే ఆమె తలలో మగాళ్ళు మాట్లాడేవాళ్ళు. ఇంట్లో ఇద్దరు, షెడ్డులో ఇద్దరు, వాళ్ళ తిట్లన్నీ తిట్లలాగే. ఆమె తుడిచి పంపింది ఎదటివాళ్ళకి గానీ తనకి కాదుగా. వెధవ, దరిద్రుడు, వెన్నుపోటుగాడు, సిగ్గులేని జన్మ, అన్నీ ముందు ఆమె చెవిలో పడి, ఆమె కడుపులో దిగి, అక్కడ మురికి వదిలి, శుభ్రంగా బయటికెళ్ళేవి. ఆ మురికి ఎక్కడికి పోతుందని ఎవరూ అడగలేదు. ఒకరోజు పొద్దున జడ వేసుకుంటూ అద్దంలో చూసుకుని, "సాయిశ్రీకి ఇవాళ ఒంట్లో బాగాలేదని చెప్పు," అనుకుంది. ఎవరికి చెప్పాలో, చెప్పేదెవరో తెలియక, జడ ముడేసుకుని బయల్దేరింది. ఇంకో విచిత్రం కూడా ఆమెకి అప్పుడే తోచింది. మామగారు ఇంటికొచ్చినవాళ్ళతో "మాయింట్లో మూడోట్లు మనవే, వాడొక్కడే ద్రోహి," అంటారు. శోభన్ ఫోన్లో స్నేహితులతో "నాదీ మా ఆవిడదీ మనకే," అంటాడు. నవాబ్ ఆమెని తమ మనిషనే అనుకుంటున్నాడు, దుర్గాప్రసాద్ తమ మనిషని. ఆమె ఒక్క ఓటుని అందరూ లెక్కేసుకున్నారు గానీ, ఎవరికేస్తావని అడిగినవాడు లేడు. అడిగితే ఏం చెప్పేదో ఆమెకీ తెలియదు. సొంతంగా ఒక మాట అనుకోవడానికి తలలో జాగా ఏదీ?

అయినా ఆమెకి వాళ్ళ మీద కోపం రాలేదు. రంజాన్ నెల మొదలైంది. నవాబ్ ఉపవాసం. పాతికేళ్ళుగా ఆ నెలలో దుర్గాప్రసాద్ అతని ముందు టీ తాగడు. ఈసారి ఎలాగూ పగే కదా, ఎదురుగా కూర్చుని తాగుతాడేమో అనుకుంది సాయిశ్రీ. కానీ అతను గ్లాసు పట్టుకుని షెడ్డు వెనక్కి, తుప్పు డ్రమ్ముల మధ్యకి, దొంగలా వెళ్ళి తాగి రావడం కిటికీలోంచి చూసింది. వాళ్ళిద్దరూ విడిపోలేదు, మధ్యలో ఏదో అడ్డం పడింది, ఎన్నికలయ్యేదాకా ఎలాగో లాక్కొస్తే చాలు అనుకుంది. ఆ అడ్డం ఏమిటో అప్పటికి ఆమెకి తట్టలేదు.

ఒక గురువారం సాయంత్రం నవాబ్ ఇఫ్తారుకి ఇంటికి బయల్దేరుతూ ఆఫీసు గుమ్మంలో ఆగాడు. మొహం కడుక్కున్నా బుగ్గల మీద మసి పోలేదు.

"సాయమ్మా, ఆ దుర్గాగాడికి చెప్పు. వాడి మొహానికి మేస్త్రీ ఒకటి. రెండో బండి మీద రెయిలింగుకి టాకాలే పెట్టా. అక్కడో చుక్క ఇక్కడో చుక్క అంటించా, అంతే. పూర్తిగా వెల్డింగు రేపొచ్చి కొడతా. ఈలోగా ఆ సన్నాసి పైకెక్కి దాని మీద చెయ్యేశాడంటే తలకాయ పగిలి చస్తాడు. వాడు చస్తే నాకేం గానీ, వాడి ఆడపిల్లల మొహం చూళ్ళేను నేను. ఎవర్నీ ఎక్కనివ్వద్దని చెప్పు ఆ వెధవకి."

సాయిశ్రీ తలూపింది. అప్పుడే మొగుడి నుంచి ఫోన్. "మీ మామయ్యకి ఫోన్ చేసి అడుగు, బీపీ మాత్రలు తేవాలా అని," అంటున్నాడు శోభన్. ఒక చేత్తో ఆ ఫోన్ పట్టుకునే దుర్గాప్రసాద్ వైపు నడుస్తూ ఆలోచించింది. ఎక్కొద్దు అంటే ఇతను పంతానికి ఎక్కుతాడు. 'నా షెడ్డులో నన్నెక్కొద్దనడానికి వాడెవడు' అంటాడు. ఆ మాట వద్దు. చావడం గీవడం అంటే శాపం పెట్టాడంటాడు. అదీ వద్దు. ఆడపిల్లల మాటెత్తితే ఇంకా గొడవ. ఒక్కొక్కటే తీసేసింది. అన్నీ తీసేశాక మిగిలింది ఇది:

"నవాబ్ గారు రెయిలింగు పని కొంచెం మిగిలిందన్నారండీ. రేపొచ్చి పూర్తి చేస్తారట."

"ఎప్పుడు పూర్తి చేశాడు గనక," అన్నాడు దుర్గాప్రసాద్, చెక్క మీంచి తలెత్తకుండా.

మర్నాడు పొద్దున్నే పెయింటర్ బాలశౌరి ఎర్ర ప్రైమర్ డబ్బా పట్టుకుని బండి పైకెక్కాడు. అరవై దాటినవాడు, అందరికీ కావలసినవాడు, ఏ గోడ కింద తినాలో తేలక నాల్రోజులు తూర్పునా నాల్రోజులు పడమరా తింటున్నవాడు. అంచుకి రంగు వెయ్యడానికి రెయిలింగు మీద నడుం ఆనించి వంగాడు. అది పుల్లలా విరిగింది. పైనుంచి పడుతూ కూడా బాలశౌరి డబ్బాలో చుక్క ఒలకనివ్వలేదని ఆటోనగర్లో ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. ఒలికింది. సాయిశ్రీ చూసింది. నేల మీద ఎర్రగా పారుతున్నది రంగో నెత్తురో తెలియకుండానే పరిగెత్తింది.

చాలావరకు రంగే. తుంటి ఎముక విరిగింది, భుజం జారింది. ప్రాణానికి భయం లేదన్నారు ఆస్పత్రిలో. ఆ వయసులో మళ్ళీ నిచ్చెన ఎక్కడం మాత్రం అనుమానమేనన్నారు.

మధ్యాహ్నం బసవపున్నయ్యగారు షెడ్డులో మిషన్లన్నీ ఆపించి అందర్నీ పోగేశారు. తూర్పు గోడ వాళ్ళు తూర్పున, పడమటి వాళ్ళు పడమట నిలబడ్డారు. మధ్యలో సాయిశ్రీ. ఆమె ఎప్పుడూ ఉండే చోటే.

"ఎవరి తప్పిది?" అన్నారాయన.

నవాబ్ ఒక అడుగు ముందుకేశాడు. "నేను చెప్పే వెళ్ళానండీ. ఎక్కొద్దని సాయమ్మతో చెప్పి పంపా. సాయమ్మా, వాడికి చెప్పు, చెప్పానా లేదా?"

"నాకలాంటి మాటేం రాలేదు," దుర్గాప్రసాద్ కూడా ఆమె వైపే చూశాడు. "పని కొంచెం మిగిలిందన్నారీవిడ. మిగలడమంటే రంగో రుద్దుడో అనుకుంటాం గానీ, ఊడిపడుతుందనుకుంటామా? చెప్పండి సాయిశ్రీ గారూ వాడికి, మీరేం చెప్పారో."

బసవపున్నయ్యగారు నిట్టూర్చారు. "ఏంటమ్మాయ్. ఇంత చిన్న మాట సరిగ్గా చేరవెయ్యలేకపోయావా? గొడవ లేకుండా చూడమన్నాను గానీ, ఇలాగా?"

అంతవరకు సాయిశ్రీ ఏడుస్తూనే ఉంది. బాలశౌరి కోసం ఏడ్చింది, తన తెలివితక్కువకి ఏడ్చింది. ఎక్కొద్దు అన్న ఒక్క మాట, ఆ ఒక్క మాటే తను తీసేసింది, ఆ పాపం తనదేనని పొద్దుటి నుంచి ఆమె మనసు కొట్టుకుంటూనే ఉంది. కానీ ఇప్పుడు, ఇంత జరిగాక కూడా, ఎదురెదురుగా నిలబడి కూడా, ఆ ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోవాల్సిన మాటని మళ్ళీ తన చేతిలోనే పెట్టారు. తన మీద వేసే నిందని కూడా తనే మోసుకెళ్ళి అవతల ఒప్పజెప్పాలి. ఏడుపు ఠక్కున ఆగిపోయింది.

"సరిగ్గా చేరవెయ్యాలా సార్?" అంది. "వేస్తాను."

దుర్గాప్రసాద్ వైపు తిరిగింది. "నవాబ్ గారు నిన్న చెప్పింది ఇది. ఆ దుర్గాగాడికి చెప్పు. వాడి మొహానికి మేస్త్రీ ఒకటి. రెయిలింగుకి టాకాలే పెట్టా. ఆ సన్నాసి పైకెక్కి చెయ్యేశాడంటే తలకాయ పగిలి చస్తాడు. వాడు చస్తే నాకేం గానీ, వాడి ఆడపిల్లల మొహం చూళ్ళేను నేను. ఎవర్నీ ఎక్కనివ్వద్దని చెప్పు ఆ వెధవకి."

ఎక్కడో ఓ కుర్రాడు నవ్వబోయి మింగేశాడు.

ఆమె ఇటు తిరిగింది. "నవాబ్ గారూ, మీరు కట్టర్ అడిగినప్పుడు ఆయన థ్యాంక్స్ చెప్పలేదు. ఆ దరిద్రుడి ముక్క ఇనుము ఎవడిక్కావాలన్నారు. మొన్న గ్రైండర్ దగ్గర, ఆ మొండివెధవ ఉపవాసముండి ఎండలో చేస్తున్నాడు, కళ్ళు తిరిగి పడితే మోసుకెళ్ళేదెవడు, నీడలోకి తగలడమను అన్నారు. నేను మీతో, కాస్త పక్కకి జరగమన్నారండీ, అన్నాను."

దుర్గాప్రసాద్ కింది పెదవి లోపలికి మడిచి నిలబడ్డాడు.

"నా ఆడపిల్లల మాట అన్నాడా వాడు?"

"అన్నారు."

"సన్నాసి అన్నాడా, వెధవ అన్నాడా?"

"రెండూ."

నవాబ్ తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "అమ్మా, నువ్వొచ్చి దుర్గాప్రసాద్ గారు ఇలా అన్నారండీ, అలా అన్నారండీ అంటుంటే నేనేమనుకున్నానో తెలుసా? పాతికేళ్ళలో వాడు నన్ను గారు అనలేదు. ఇప్పుడు గారూ, థ్యాంక్సూ అంటున్నాడంటే నిజంగానే నన్ను పరాయివాణ్ణి చేసేశాడనుకున్నా. తిట్టినంత కాలం మనవాడే అనుకునేవాణ్ణి. ఆ తిట్లెందుకు దాచావమ్మా?"

సాయిశ్రీకి అప్పుడు తట్టింది. మధ్యలో పడ్డ ఆ అడ్డం తను పేర్చిందేనన్నమాట. ఇన్నాళ్ళూ పచ్చిమాటలోంచి తను తీసి పారేసినదాంట్లోనే వాళ్ళ స్నేహం ఉంది, హెచ్చరికా అందులోనే ఉంది. ఆ క్షణంలో అలవాటు ప్రకారం క్షమించమందామనుకుంది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఇంకో మాట దాన్ని తోసుకుని బయటికొచ్చింది.

"దాచడం నా తప్పే. బాలశౌరి గారి దగ్గరికెళ్ళి ఆ మాట నేను చెప్పుకుంటాను. కానీ మీ ఇద్దరి మధ్య ఉన్నది ఆరడుగులు. ఇన్నాళ్ళూ ఆ ఆరడుగులూ నేనెందుకు నడవాల్సొచ్చిందో మీ ఇద్దరూ చెప్పండి. మీ తిట్లు ముందు పడింది నా మీద. ఇంట్లో పడేవి చాలక ఇక్కడ కూడా. ఒక్కరోజైనా, అమ్మాయ్, నీకెలా ఉంది అన్నారా?"



"సరేలేమ్మాయ్, అయిందేదో అయింది," బసవపున్నయ్యగారు సర్దబోయారు. "ఇకమీదట కాస్త గట్టిగా చెప్తుండు..."

"ఇకమీదట చెప్పనండి. ఎవరి మాటా మొయ్యను. పార్టీ ఏదైనా ఉంచుకోండి, తిట్టుకుంటే తిట్టుకోండి, ఎదురుగా నిలబడి తిట్టుకోండి. ఏ బండి ఎక్కొచ్చు, ఏది ఎక్కకూడదు అన్నది మాత్రం నేను చెప్తాను. నవాబ్ గారన్నారనో మీరన్నారనో కాదు, నా మాటగా చెప్తాను. దానికి నా పేరు కింద ఏం రాయాలో మీకు తెలుసు."

"చూద్దాంలే..."

"చూడ్డం కాదండీ. అదైతేనే సోమవారం వస్తాను."

ఆయన ఆమె మొహంలోకి చూశారు. పదేళ్ళలో ఆ మొహం మీద నవ్వు తప్ప ఇంకోటి చూసినట్టు లేరు. సమాధానం చెప్పేలోపు పక్కనుంచి దుర్గాప్రసాద్ గొంతు వినపడింది. అది సాయిశ్రీతో కాదు.

"ఒరే, రాత్రికి శౌరి దగ్గర ఎవరుంటారు? నువ్వు ఉపవాసం. నేనుంటాలే."

"ఉపవాసం పగలేరా వెధవా. రాత్రి నేనుంటా, నువ్వు పొద్దున రా," అన్నాడు నవాబ్.

"అన్నట్టు, మీవాళ్ళు ఈసారి చిత్తుగా ఓడిపోతున్నారు. అది గుర్తుంచుకో."

"నీ నోట్లో ఇనపరజను పొయ్య."

వెనక నుంచి ఎవరో నవ్వారు. ఈసారి మింగలేదు. రెండు గోడల దగ్గర నిలబడ్డవాళ్ళు ఎప్పుడు కలిసిపోయారో గానీ, బాలశౌరి బ్రష్షులు ఎండిపోకుండా కడగడానికి తూర్పువాడొకడూ పడమటివాడొకడూ నీళ్ళ పంపు దగ్గరికి కలిసే వెళ్ళారు. శనివారం పొద్దున సాయిశ్రీ ఫోన్‌కి బసవపున్నయ్యగారి నుంచి ఒక్క ముక్క వచ్చింది: "సోమవారం రా. రాయిస్తున్నా."

ఆదివారం మధ్యాహ్నం. రొయ్యల ఇగురు. బల్లకి ఆ చివర నాంచారయ్యగారు, ఈ చివర శోభన్. రోజూ వడ్డించి, అందరూ చేతులు కడుక్కున్నాక తినే సాయిశ్రీ, ఆ పూట గిన్నెలన్నీ బల్ల మధ్యన పెట్టి, అత్తగారిని పక్కన కూర్చోబెట్టుకుని, తనూ కంచం ముందేసుకుని కూర్చుంది. శోభన్ అది గమనించలేదు. రొయ్యలు ఏరుకుంటూ, "మీ మామయ్యనడుగు, పామర్రు ఎప్పుడెళ్తున్నారో. నాకు కారు కావాలి," అన్నాడు.

"ఎదురుగానే ఉన్నారుగా. అడగండి."

"అంటే?"

"అంటే, నేను అన్నం తింటున్నాను."

నాంచారయ్యగారు ముద్ద పట్టుకుని ఆగిపోయారు. "ఏంటమ్మాయ్, వాడేమంటాడు?"

"మీరే అడగండి మావయ్యా."

తండ్రీ కొడుకులు ముందు ఆమె వంక, తర్వాత గిన్నెల వంక, తర్వాత చేసేది లేక రావమ్మగారి వంక చూశారు. "అమ్మా, నువ్వన్నా చెప్పు ఆయనకి," అన్నాడు శోభన్.

"ఆఁ?" అన్నారావిడ.

"నాన్నకి చెప్పమంటున్నా!"

"ఏంట్రా? గట్టిగా చెప్పు. చెవి పని చెయ్యట్లేదురా నాకు."

వీధి చివర పాలప్యాకెట్టు నేలన పడితే అది ఎవరింటిదో చెప్పగల మనిషి ఆవిడ. అలాంటి చెవి ఆ మధ్యాహ్నం, రొయ్యల ఇగురు మీద ఒట్టేసినట్టు, మూతపడిపోయింది. వైద్యుడికి కూడా అంతుపట్టని చెవుడది. మొగుడిది, కొడుకుది తప్ప అందరి మాటా వినపడుతుంది.

శోభన్ చాలాసేపు అన్నం కెలికాడు. చివరికి గొంతు సవరించుకుని, "నాన్నా! పామర్రు ఎప్పుడెళ్తున్నావ్?" అని అరిచాడు.

"అరవకు. చెవుడు మీ అమ్మకి, నాక్కాదు," అన్నారు నాంచారయ్యగారు. "ఎందుకు, కారేసుకుని మీ పార్టీ మీటింగుకి పోతావా?"

"పోతే ఏం? మీవాళ్ళలాగా నాలుకలు మార్చే..."

"ఎవర్రా నాలుకలు మార్చింది?"

ఇక మొదలైంది. పెళ్ళి భోజనాల దగ్గర ఆగిపోయిన చోటు నుంచే, ఒక్క మాట కూడా ఉడకని పచ్చి వాదన, బల్ల ఈ చివర నుంచి ఆ చివరికి నేరుగా. అన్నం ఇంకా పొగలు కక్కుతోంది. ఆ ఇంట్లో అన్నం ఇంత వేడిగా ఉంటుందని సాయిశ్రీకి ఇన్నేళ్ళూ తెలియదు. రావమ్మగారు కోడలి వైపు వంగి, గొంతు తగ్గించి, "ఏమంటున్నారే వాళ్ళు?" అన్నారు.

"ఏమో అత్తయ్యా," సాయిశ్రీ ఇంకో గరిటె ఇగురు ఆవిడ కంచంలో వేసి, తన కంచంలోనూ వేసుకుంది. "నాకూ వినపళ్ళేదు."